ఒడిశాలోని బరంపురం, గోపాల్‌పూర్ బార్లలో ఒకప్పుడు రాక్ బ్యాండ్లు వాయించేవా? ఇప్పుడు వాయిస్తే జనం వింటారా?

ఇక్కడ ఒక తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. బరంపురంలో చదువుకుంటున్న నలుగురు కుర్రాళ్లు ఒక బ్యాండ్ పెట్టుకున్నారు. ఊళ్లో ఒక బార్ అండ్ రెస్టారెంట్ ఓనరు శనివారం రాత్రుళ్లు వచ్చి వాయించమన్నాడు. "మన వైపు ఇలాంటివి ఎప్పుడైనా జరిగాయా? చూసినవాళ్లు చెప్పండి. ఇక్కడి జనం రాక్ వింటారా, రెండు పాటలు కాగానే డీజే పెట్టమంటారా?" అని టెన్షన్ పడుతున్నాడు.

సూటిగా చెప్తాను. జరిగాయి. నేను చూశాను, కొన్నింటికి సౌండ్ కూడా పెట్టాను. జనం వింటారు. మీరు ఏ పాట ఎంచుకున్నారన్నది రెండో సంగతి. పాడేవాళ్ల మాట వెనక టేబుల్ దాకా స్పష్టంగా వినిపించిందా లేదా అన్నది మొదటి సంగతి. మాట తెలిస్తే భాష రానివాళ్లు కూడా కూర్చుంటారు. మాట తెలియకపోతే మీ గిటారిస్టు ఎంత గొప్పగా వాయించినా ఎవరూ ఆగరు.

మాది బరంపురంలో తరాలుగా ఉన్న తెలుగు కుటుంబం. 1990ల్లో మెలోడీ పార్టీల్లో బేస్ గిటార్ వాయించాను. ఇచ్ఛాపురం దాటితే ఆర్కెస్ట్రా అంటారే, మన దగ్గర మెలోడీ అంటే అదే. తర్వాత సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే పనిలో పడ్డాను, ఇప్పటికీ అదే పని. కాబట్టి స్టేజీ మీద నుంచి కొంత, మిక్సర్ వెనక నుంచి ఎక్కువ చూసిన అనుభవంతో రాస్తున్నాను.

ఆ రోజుల్లో మన ఊళ్లో పబ్ అని బోర్డు పెట్టుకున్న చోటు ఒక్కటీ లేదు. బార్లు ఉండేవి, వాటిలో టేప్ రికార్డర్ మోగేది. రాక్ సంగీతం ముందుగా మన దగ్గర మెలోడీ స్టేజీ మీదే మొదలైంది. ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకో దసరాకో వీధి చివర స్టేజీ కట్టి తెల్లవారేదాకా మెలోడీ నడిపేవారు. అనౌన్సర్ మైకు అందుకునే ముందు పార్టీ ఒక ట్యూన్ వాయించేది. ఆ కాసేపూ గిటారిస్టు తన ఇష్టం వచ్చింది వాయించుకునేవాడు. ఒడియా గాయకుడు అక్షయ మహంతి పాట కోసం వచ్చి కూర్చున్న పెద్దవాళ్ల ముందు ఇంగ్లీషు రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ వరసలు మోగడం నేను విన్నాను. ఎవరూ లేచి వెళ్లలేదు. తర్వాత వచ్చే పాటకు అది ముందుమాట అనుకుని విన్నారు. చిన్నపిల్లలు మాత్రం స్టేజీ అంచు దాకా వచ్చి గిటారు తీగల కేసి కళ్లార్పకుండా చూసేవారు.

ఆ గిటారిస్టులు ఇదంతా ఎక్కడ నేర్చారంటే, 1991లో స్టార్ టీవీ డిష్‌తో పాటు ఎంటీవీ వచ్చింది. కేబుల్ ఉన్న ఇంటి వరండాలో కూర్చుని చూసేవాళ్లం. 1993లో అలహాబాద్ నుంచి రాక్ స్ట్రీట్ జర్నల్ అనే పత్రిక మొదలైంది. అది ఎవరో ఒకరు కొంటే ఊళ్లో వాయించేవాళ్లందరి చేతుల్లోనూ నలిగేది. గిటార్లు ఎక్కువగా కోల్‌కతాలో తయారైన గివ్సన్‌లు. లాల్‌బజార్ దగ్గర చిత్‌పూర్ రోడ్డు దుకాణాల నుంచి తెచ్చుకునేవారు. పూర్తి డ్రమ్ సెట్ మోసుకెళ్లే స్తోమత అందరికీ లేక రోలాండ్ ఆక్టాప్యాడ్ అనే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ మీదే నెట్టుకొచ్చేవారు. యాంప్లిఫయర్ అహూజా, స్పీకర్లు హార్న్‌లు. హార్న్‌లో బేస్ రాదు. నేను వాయించిన బేస్ చాలా ఏళ్లు స్టేజీ మీదివాళ్లకు తప్ప ఇంకెవరికీ వినపడలేదు. అయినా వాయించేవాణ్ణి, ఎందుకంటే బేస్ ఆగితే పాడేవాళ్లకు కాలు నిలవదు.

ఇక నువ్వు అడిగిన అసలు సంగతి, బార్లో కూర్చుని రాక్ బ్యాండ్ వినడం. అది నేను మొదట చూసింది గోపాల్‌పూర్‌లో. బరంపురం నుంచి 16 కిలోమీటర్లు. దసరా నుంచి జనవరి దాకా బెంగాలీ టూరిస్టులతో ఊరు నిండిపోతుంది. వాళ్ల కోసం బీచ్ దగ్గరి హోటళ్లలో ఒకటి రెండు డిసెంబరు చివర్లో కోల్‌కతా నుంచి బ్యాండ్లను రప్పించేవి. కోల్‌కతాయే ఎందుకంటే, లైవ్ బ్యాండ్ ముందు కూర్చుని భోజనం చేయడం అక్కడ పాత అలవాటు. పార్క్ స్ట్రీట్‌లోని ట్రింకాస్ రెస్టారెంట్‌లో 1960ల చివర్లోనే ఉషా ఉతుప్ పాడేవారు. తర్వాతి కాలంలో అదే వీధిలోని పార్క్ హోటల్ పబ్, సమ్‌ప్లేస్ ఎల్స్, ఏళ్ల తరబడి రాక్, బ్లూస్ బ్యాండ్లను నిలబెట్టింది. సామాన్లు కొనడానికి వెళ్లినప్పుడు నేను అక్కడ కూర్చుని విన్నాను. హౌరాలో రైలెక్కితే రాత్రి గడిచేసరికి బరంపురం. అందుకే ఆ బ్యాండ్లు మనకు అందాయి.

గోపాల్‌పూర్‌లో ఆ గది పెద్దదేమీ కాదు. పైకప్పు కిందికి ఉండేది, ఒక పక్క వరసగా కిటికీలు, అవతల ఇసుక. వచ్చింది నలుగురు. చిన్న డ్రమ్ సెట్, రెండు చిన్న యాంప్లిఫయర్లు. పాడేది నడివయసు ఆవిడ. నేను అప్పుడు సౌండ్ వాళ్ల దగ్గర చేతికింద కుర్రాణ్ణి. మెలోడీకి అలవాటుపడ్డ నాకు వాళ్లు ఇంత తక్కువ సౌండ్‌తో ఏం చేస్తారని అనిపించింది. మొదటి పాట సగమయ్యేసరికి గదిలో గ్లాసుల చప్పుడు కూడా ఆగిపోయింది. ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. డ్రమ్మర్ పుల్లలు పైకెత్తకుండా మణికట్టుతోనే వాయించాడు. గిటారిస్టు ఆవిడ పాడుతున్నంతసేపూ దాదాపు చేతులు కట్టుకున్నట్టే ఉండి, ఆవిడ ఆగిన చోటే రెండు ముక్కలు పలికించేవాడు.

నెమ్మదైన బ్లూస్ ఒకటి అందుకున్నారు. మూడేసి దెబ్బల నడక. బయట ప్రహరీ అవతల నోలియాలు కొందరు నిలబడి ఉన్నారు. గోపాల్‌పూర్ మత్స్యకారులు, ఇంట్లో తెలుగు మాట్లాడే మనవాళ్లే. ఆ దరువుకు వాళ్లు చప్పట్లు కలిపారు. తడబాటు లేని చప్పట్లు, పండగ డప్పుకు కలిపే చప్పట్లే. డ్రమ్మర్ విన్నాడు, నవ్వాడు, తన చేతి బరువు ఇంకా తగ్గించి వాళ్ల చప్పట్లకు చోటిచ్చాడు. ఆవిడ మైకు తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. కేబుల్ చాలకపోతే నేను పరుగెత్తి ఇంకోటి జోడించాను. కిటికీ రెక్కలు తెరిచి బయటి వాళ్ల వైపు తిరిగి ఆ పాట పూర్తిచేసింది. ఇంగ్లీషు పాట అది. బయట ఉన్నవాళ్లలో ఒక్కరికీ ఆ భాష రాదు.

ఇక్కడి జనం వింటారా అని ఎవరు అడిగినా నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది. మా గంజాం జిల్లా మనిషికి దరువు కొత్త కాదు. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్రలో నెల రోజుల పాటు ఢోలు, మహురి సన్నాయి, పులి వేషాల ఆట మధ్య పెరిగినవాళ్లం. డ్రమ్స్ అంటే మనవాళ్లు జంకుతారన్నది తప్పు. మనవాళ్లకు విసుగు తెప్పించేది అర్థం లేని రొద.

ఆ రొద ఎలా ఉంటుందో కూడా చూశాను. కొన్నేళ్ల తర్వాత బరంపురం ఊళ్లోనే ఒక బార్లో విశాఖపట్నం కుర్రాళ్ల బ్యాండ్ వాయించింది. ప్రతిభ ఉన్న పిల్లలు. గిటార్లు రెండూ గరగరలాడే డిస్టార్షన్ మీద, డ్రమ్స్ పూర్తి బలంతో, గది నిండా టైల్స్, అద్దాలు. మూడో పాటకు మెడికల్ కాలేజీ డాక్టర్ల టేబుల్ ఖాళీ అయింది. సర్వర్లు ఆర్డర్ వినపడక కాగితం మీద రాయించుకున్నారు. ఇంటర్వెల్‌లో వాళ్లతో కూర్చుని మాట్లాడాను. ఒక గిటార్ శుభ్రమైన టోన్‌కు మార్చారు, డ్రమ్మర్ పుల్లలు వదిలి బ్రష్‌లు అందుకున్నాడు. రెండో భాగంలో ఒక ఇళయరాజా పాటను బేస్ ముందుకు తెచ్చి రాక్ నడకలో వాయించారు. పక్కనే వైన్ షాపు దగ్గర నిలబడ్డవాళ్లు కూడా లోపలికి వచ్చి కూర్చున్నారు. పిల్లలు వాళ్లే, సామాను అదే, గది అదే.

సునాబెడ హెచ్‌ఏఎల్ టౌన్‌షిప్, రాయగడ దగ్గర జేకేపూర్ పేపర్ మిల్లు కాలనీ లాంటి చోట్ల వేరే రకం శ్రోతలు. దేశం నలుమూలల నుంచి వచ్చిన ఉద్యోగులు కాబట్టి ఇంగ్లీషు పాటలే అడిగి పాడించుకునేవారు. అక్కడ వాయించడం తేలిక. మీది బరంపురం బార్ కాబట్టి దాని గురించే చెప్తాను.

గది. ముందు టేపుతో కొలవండి. గోడకీ గోడకీ మధ్య దూరాన్ని బట్టి ప్రతి గదీ కొన్ని శ్రుతుల దగ్గర తనంతట తానే మోగుతుంది. 14 అడుగుల వెడల్పు ఉంటే 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాలు) దగ్గర మోగుతుంది. బేస్ గిటార్ లావు తీగ శ్రుతి 41 హెర్ట్జ్. అంటే ఆ తీగ మీటిన ప్రతిసారీ గది గుమ్మని పాటంతా బురదవుతుంది. అలాంటప్పుడు బేస్‌ను పెద్ద స్పీకర్లలోకి పంపకండి, దాని యాంప్లిఫయర్ చాలు. దాన్ని మూలలో కాకుండా గోడకు కొంచెం ఎడంగా, కుర్చీ మీద పెట్టండి. డ్రమ్స్ కింద మందపాటి జంబుఖానా పరవండి. టైల్స్ నేల మీద పెట్టిన డ్రమ్ సెట్ ఒక్కటే గదినంతా మింగేస్తుంది.

పాడే గొంతు. హల్లులు తెలిసేది 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య. డిస్టార్షన్ పెట్టిన గిటార్ కూడా సరిగ్గా అక్కడే కేకలు వేస్తుంది. గిటారిస్టుకు ఇది చెబితే మొదట్లో కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఇంట్లో ఒంటరిగా వాయించేటప్పుడు ఆ కేకే అందంగా ఉంటుంది. బ్యాండ్‌లో ఆ చోటు పాటగాడిది. గిటార్ టోన్‌లో అక్కడ కొంచెం తగ్గించమనండి, గొంతులో 100 హెర్ట్జ్ కింద పూర్తిగా కోసేయండి. షూర్ ఎస్ఎమ్ 58 లాంటి మైకు వెనక వైపు నుంచి శబ్దం తీసుకోదు. కాబట్టి పాడేవాళ్లకు తమ గొంతు వినిపించే మానిటర్ స్పీకర్ సరిగ్గా మైకు వెనకే ఉండాలి. జాలీని గుప్పిట్లో పట్టుకుని పాడే అలవాటు ఉంటే ఇప్పుడే మానిపించండి. అలా పట్టుకుంటే మైకు అన్ని వైపుల నుంచీ తీసుకుంటుంది, కూత మొదలవుతుంది. పెద్ద స్పీకర్లు ఎప్పుడూ మైకుకు ముందే ఉండాలి, వెనక వద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెప్తున్నాను, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎర్తింగ్. గిటార్ యాంప్లిఫయర్ ఒక ప్లగ్గులో, మిక్సర్ ఇంకో గోడ ప్లగ్గులో పెడతారు. రెంటిలో ఒకదానికి ఎర్త్ సరిగ్గా ఉండదు. గిటారిస్టు తీగల మీద చేయి పెట్టి మైకుకు పెదవి తగిలించగానే షాక్ కొడుతుంది. మన వైపు పాత బిల్డింగుల్లో ఇది చాలా సార్లు చూశాను. ఒక కుర్రాడు స్టేజీ మీదే వెనక్కి పడ్డాడు, అదృష్టం బాగుండి లేచాడు. సామానంతా ఒకే చోటి నుంచి కరెంటు తీసుకునేలా వేయించండి. ఆ లైనుకు కరెంటు లీకైతే వెంటనే లైను కోసేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టమని ఓనర్ని అడగండి. అది పెట్టకపోతే వాయించం అని చెప్పడానికి మొహమాటపడకండి. గోపాల్‌పూర్ వైపు వాయిస్తే ఉప్పుగాలికి జాక్‌లు, తీగలు త్వరగా తుప్పుపడతాయి. ప్రోగ్రాం అయ్యాక పొడిగుడ్డతో తుడిచి పెట్టె మూయండి.

పాటల వరస గురించి నా అభిప్రాయం గట్టిది. మొదటి పాట ఒడియాలో ఉండాలి. మనం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, ఊరు ఒడిశాలో ఉంది. 1936లో ఒడిశా ఏర్పడినప్పటి నుంచి ఇక్కడి తెలుగువాళ్లు రెండు భాషల్లోనూ బతుకుతున్నారు, స్టేజీ మీద కూడా అంతే ఉండాలి. మొదట ఒడియా పాట వింటే పక్క టేబుల్ వాళ్లు వీళ్లు మనవాళ్లే అనుకుంటారు. తర్వాత తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఏది వాయించినా వింటారు. సొంత భాషలో రాక్ కుదరదని అనుకోకండి. కోల్‌కతాలో మొహీనేర్ ఘోడాగులి అనే బ్యాండ్ 1970ల్లోనే బెంగాలీలో చేసి చూపించింది. 1990లో ఢిల్లీలో మొదలైన ఇండియన్ ఓషన్ బ్యాండ్ ఇంగ్లీషు మీద ఆధారపడకుండానే దేశమంతా తిరిగింది. మీ సొంత పాట తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి ఉంటే వాటిని చివర్లో దాచకండి. జనం తాజాగా ఉన్నప్పుడు, మూడో పాటగానో నాలుగో పాటగానో వాయించండి.

డీజే పాటలు అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. సూరత్ మరమగ్గాల్లో పనిచేసి సెలవుకు ఇంటికొచ్చిన మన గంజాం కుర్రాళ్లు డబ్బు పెట్టి ఆనందించడానికి వస్తారు, గట్టి హిందీ పాట కావాలంటారు. వాళ్లను చిన్నచూపు చూడకండి. ఏడాదంతా మగ్గాల చప్పుడులో నిలబడ్డవాళ్లు. అందరికీ తెలిసిన ఒకటి రెండు హిందీ పాటలు మీ పద్ధతిలో సిద్ధం చేసుకుని, అడగగానే వాళ్ల ఊరి పేరు చెప్పి అంకితం ఇవ్వండి. పొలసరనో హింజిలికాట్టో మైకులో వినపడగానే ఆ టేబుల్ మీ పక్షం. మైకు అడిగితే మాత్రం ఇవ్వొద్దు. "తర్వాతి పాటకు మీరు చప్పట్లు కలపండి" అని నవ్వుతూ దాటేయండి. స్టేజీకీ మొదటి టేబుల్‌కీ మధ్య ఒక టేబుల్ అంత ఖాళీ ముందే అడిగి వదిలించుకోండి.

చట్టం సంగతి కొంచెం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ కుదరదు. మూసిన హాలుకు వెసులుబాటు ఉన్నా ఆ ప్రాంతపు పరిమితి ఉంది: రాత్రిపూట వాణిజ్య ప్రాంతంలో 55 డెసిబెళ్లు, ఇళ్ల మధ్య 45. కాబట్టి గట్టి పాటలు 10లోపే ముగించి, తర్వాత మెత్తటివి వాయించండి. సినిమా పాటలు లైవ్‌గా వాయించడానికి పాటల హక్కులు చూసే సంస్థ ఐపీఆర్ఎస్ లైసెన్సు కావాలి. అది సాధారణంగా బార్ వాళ్లు తీసుకోవలసినది, ఉందో లేదో ఒక మాట అడగండి. డబ్బు, భోజనం, ఎన్ని గంటలు అన్నవి వాట్సాప్‌లో అయినా సరే రాతలో పెట్టించుకోండి, సగం అడ్వాన్సు తీసుకోండి. వాయించడం పూర్తయ్యేదాకా మీలో ఎవరూ తాగకూడదు.

చెవులు కూడా చూసుకోండి. 85 డెసిబెళ్ల దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చు, ప్రతి మూడు డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి పదిహేను నిమిషాలే. డ్రమ్మర్ పక్కన నిలబడేవాడికి అది మూడు నాలుగు పాటల్లో అయిపోతుంది. సంగీతం వాయించేవాళ్ల కోసమే చేసిన ఇయర్‌ప్లగ్‌లు దొరుకుతాయి, నలుగురూ కొనుక్కోండి. నాతో మెలోడీలో వాయించిన వాళ్లలో కొందరికి ఇప్పుడు ఫోన్ మోగితే వినపడదు. చాలా బాధగా ఉంటుంది.

మొదటి శనివారం గది నిండకపోతే కంగారుపడొద్దు. నెల రోజులు ప్రతి శనివారం ఒకే టైముకు వాయిస్తారని ఓనరు చేత బయట బోర్డు పెట్టించండి. వచ్చినవాళ్లు మళ్లీ రావడానికి ఒక రోజు గుర్తుండాలి.

గది పొడవు, వెడల్పు, పైకప్పు ఎత్తు, తలుపులు ఎటున్నాయి, మీ దగ్గర ఏ యాంప్లిఫయర్లు ఉన్నాయి అన్నవి ఇక్కడే రాయండి. వీలైతే చేత్తో గీసిన బొమ్మ పెట్టండి. డ్రమ్స్ ఏ గోడకు పెట్టాలో, స్పీకర్లు ఎటు తిప్పాలో దాని మీదే గుర్తులు పెట్టి ఇస్తాను.